మంగళగిరి పోవచ్చు అని రాయలేదు

కొత్తపేటలో పిత్తాశయంలో రాళ్ళు తీయించుకున్నాను.
తీసినవి సీసాలో వేసి చూపించారు కూడా,
కందిగింజలంతవి, ఏడు.
పోయినదాన్ని మాత్రం ఎవరూ సీసాలో వేసి ఇవ్వలేదు.

మెలకువ రాగానే మంచినీళ్ళు అడిగాను.
అడిగాననుకున్నాను.
మా ఆడబిడ్డ నా నోటికి చెవి ఆనించి
"మళ్ళీ చెప్పు వదినా" అంది.
మళ్ళీ చెప్పాను.
రంపప్పొట్టు రాలినట్టు ఏదో రాలింది.

మూడోరోజు మత్తుడాక్టరు వచ్చింది.
నిలబడి చెప్పేసి పోలేదు, స్టూలు లాక్కుని కూర్చుంది.
"గొట్టం మొదటిసారి దిగలేదమ్మా.
రెండోసారీ దిగలేదు.
మూడోసారి నెట్టాను."
నెట్టాను అంది. నెట్టారు అనలేదు.
ఆ మాట దగ్గర నా కోపం కాసేపు ఆగింది,
ఎవరో దిగారేమో,
మళ్ళీ బయల్దేరింది.

తర్వాత కెమెరా పంపి తెరమీద చూపించారు:
నా గొంతులో రెండు రెక్కల తలుపు.
ఒకటి కదులుతోంది.
రెండోది, మా పాత బస్సు వెనక తలుపులా,
ఎంత లాగినా అక్కడే.

సంతకం నాదే, కాదనను.
"గొంతు బొంగురుపోవచ్చు" అని కాగితం మీద ఉందట.
బొంగురంటే పడిశం పట్టినప్పటిదనుకున్నాను.
నంబూరు, కాజ, చినకాకాని, మంగళగిరి
పోవచ్చు అని ఎక్కడా రాయలేదు.
పద్దెనిమిదేళ్ళు వాటిని అరుచుకుంటూనే
పిల్లల ఫీజులు కట్టాను.

ఇప్పుడు రూపాయి బిళ్ళతో రాడ్డు మీద కొడతాను.
ఒకటైతే ఆపు, రెండైతే పోనీ.
సుభానీకి అది చాలు.
"చిల్లర లేదని చెప్పడానికీ నోరు రాదా" అన్నాడు
కాజ దగ్గరెక్కిన పెద్దమనిషి.
నవ్వొచ్చింది.
నవ్వుకు కూడా చప్పుడు లేదు.

వారధి మీద గాలి హోరుమంటుంది,
ఎవరికీ ఏదీ వినపడదు.
అక్కడ కిటికీ వైపు తిరిగి "ఆ" అంటాను,
నేర్పించినట్టు, వేళ్ళు మడుస్తూ.
నిన్న నాలుగు వేళ్ళు. ఇవాళ మూడే.

నీళ్ళు తాగితే పొలమారుతోంది.
పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారనేది మా అమ్మ.
ఇంతలా తలుచుకోవడానికి నాకెవరున్నారు,
ఆ డాక్టరమ్మ తప్ప?

ఈ పూట ఏ గొంతు ముందు వంగి ఉందో.
మెల్లగా తల్లీ, అన్నాను.
గాలే వచ్చింది.