వేలికొస సూచీ

పద్దెనిమిదేళ్లుగా పూర్ణా మార్కెట్‌లో
నేను ధరలు అడుగుతాను, కొనను.
చేపల వరసలో సూరాడ దానమ్మకి
ఇది ఇప్పటికీ మింగుడుపడదు.
"కొంతావేటి, రాసుకుపోతావేటి?"
రాసుకోడానికైతే కోనెం కిలో తొమ్మిది వందలు.
కొనడానికైతే ముందు సంచీ తెరవాలి,
అప్పుడు చెబుతుంది.
మా ఫారంలో దాని పేరు వంజరం,
"మధ్యరకం, తాజాది, తల లేకుండా."
తల ఎటు పోయిందో ఫారం అడగదు.
తల, కత్తిపీట ముందు కూర్చున్న ముసలమ్మ కూలి.

మొన్న సిరిపురంలో శిక్షణ.
ఏసీ గది, గోడంత తెర, తెర మీద రాత్రి.
ఆకాశంలోంచి చూస్తే మా ఊరు
పెనం మీద చిట్లిన నూనెచుక్కల్లా ఉంది.
"ఇకమీదట వెలుగే లెక్క" అన్నాడు
ఢిల్లీ నుంచి వచ్చిన కుర్రాడు.
ఫోన్లలో చేతులు మారే రూపాయలు,
టోల్‌గేటు దాటే లారీలు,
లంగరేసిన ఓడలు పంపే సంకేతాలు,
ఎవరినీ అడక్కుండానే అన్నీ చెప్పేస్తాయట.
ఎవరినీ అడక్కుండానే.
అక్కడ నా పెన్ను కాసేపు ఆగింది.

బాగుంది, ఒప్పుకోవాలి.
నెలంతా తిరిగి నేను తెచ్చేవి మూడు వందల ధరలు.
టీ చల్లారేలోగా అది మూడు కోట్లు చదువుతుంది.
దానికి మోకాళ్ల నొప్పి లేదు.
దాన్ని దానమ్మ తిట్టలేదు.

తెర మీద సముద్రంలో చీకటి మరక ఒకటి చూపించి
"ఏప్రిల్ చివర్లో ఇక్కడ ఏదో కుప్పకూలింది" అన్నాడు.
వెనక బెంచీలోంచి భానోజీగారు లేచారు.
"బాబూ, అది చేపలు గుడ్లు పెట్టే కాలం.
అరవై ఒక్క రోజులు వేట బందు."
గదంతా నవ్వింది. కుర్రాడూ నవ్వి, రాసుకున్నాడు.
రాసుకునేవాళ్లంటే నాకు గౌరవం.

దానమ్మ గంప పక్కన కూడా ఇప్పుడొక పలికే డబ్బా.
"రెండు వందల యాభై రూపాయలు అందాయి"
అని వీధికంతా వినబడేలా చెబుతుంది.
అందింది ఐసు అప్పిచ్చిన షావుకారి ఖాతాకి.
సాయంత్రం అతను వడ్డీ విరుచుకుని
మిగిలింది ఆమె చేతిలో పెడతాడు.
డబ్బా అబద్ధమాడదు.
ఎవరికి అన్నదొక్కటే చెప్పదు.

నేనుండేది పాత పోస్టాఫీసు దగ్గర, మేడ మీద వాటా.
కింద వాటాలో వరహాలమ్మ. మొగుడు పోర్టులో
బొగ్గు దించేచోట రోజుకూలీ.
పొద్దున్నే ఆవిడ కిటికీ చెక్క మీద
వేలితో గీత గీసి చూస్తుంది.
వేలు నల్లబడితే, "ఓడ తగిలింది" అంటుంది,
ఆరేసిన తెల్లచొక్కాని తిట్టుకుంటూనే
ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం పోస్తుంది.
ఆ రాత్రి దగ్గుతుంది కూడా.
దగ్గుని ఏ పద్దు కింద రాస్తారో
శిక్షణలో అడుగుదామనుకుని మరిచిపోయాను.

వేలు శుభ్రంగా వస్తే ఏమీ అనదు.
నాలుగు రోజులు వరసగా శుభ్రంగా వస్తే
మెట్లెక్కి వచ్చి, గుమ్మం బయటే నిలబడి,
గ్లాసుడు పంచదార అడుగుతుంది.

నిన్న అడిగింది.
నిన్నే డాబా ఎక్కి చూశాను:
డాల్ఫిన్స్ నోస్ అవతల పదకొండు ఓడలు,
పెళ్లి పందిరిలా దీపాలు వెలిగించుకుని
లోపలికి పిలుపు రాక నిలబడి ఉన్నాయి.
పైనుంచి చూసేవాళ్లకి ఎంత కళగా ఉంటుందో!

కొత్త ట్యాబ్ ఇచ్చారు. చివరి గడి "ఇతరములు."
"పంచదార అడిగారు" అని కొట్టాను.
చెల్లదు, అంకె వేయమంది.
గ్లాసుడంటే ఎన్ని గ్రాములో
కొలిచి చూద్దామని
లేచి వంటింట్లోకి వెళ్లాను.