అయిదు చిన్న కూతలు

గ్లూక్‌స్టాట్ దాటాక ఎల్బె ఒక్కసారిగా వెడల్పవుతుంది
చూసేవాళ్ళకి.
మాకు కాదు.
నాలుగు వందల మీటర్ల ఓడకి
ఏరంటే నడుమ తవ్వి ఉంచిన గాడి ఒక్కటే,
ఎర్ర బోయాలకీ పచ్చ బోయాలకీ మధ్య
సూది బెజ్జం.

కెప్టెన్ బొంటిలావో అల్లం టీ చప్పరిస్తున్నాడు.
ఓడ ఆయనది, ఏరు నాది.
పైలట్ ఉద్యోగమంటే
అద్దె ఇంట్లో పెత్తనం.

ఆగస్టు ఆదివారం. పాటు నీరు. వాయవ్యపు గాలి.
వాన వెలిశాక ఉసిళ్ళు లేచినట్టు
ఏటి నిండా తెల్ల తెరచాపలు.
మమ్మల్ని చూసి ఒక్కొక్కటే ఒత్తిగిల్లుతున్నాయి.
ఒకటి మాత్రం లేదు.
చింతపండు రంగుది, కుడి ఒడ్డు నుంచి
గాడికి అడ్డంగా కోసుకొస్తోంది.

అది ఇమ్మె. తేనెటీగ అని అర్థం, నాన్న పెట్టిన పేరు.
చుక్కాని దగ్గర ఎవరో తెలియడానికి
బైనాక్యులర్ అక్కర్లేదు.

మా ఇంట్లో సముద్రపు చట్టం భోజనాల బల్ల మీద నడిచేది.
ఆవముద్ద సీసా ఓడ, హెర్రింగ్ చేప ముల్లు తెరచాప.
వీబ్కె ఎప్పుడూ ముల్లే పుచ్చుకునేది.
"యంత్రమే గాలికి దారివ్వాలి" అనేవాడు నాన్న,
సీసాని వేలితో పక్కకి జరుపుతూ.
అంత లావు సీసా అంత సన్నటి ముల్లుకి తప్పుకోవడం
తినడం మానేసి చూసేవాళ్ళం.
కాసేపాగి, గొంతు తగ్గించి,
"అది బయట సముద్రంలో.
గాడిలో, తప్పుకోలేనివాడిదే దారి."
ఆ రెండో మాట మొదలయ్యేసరికి
చెల్లి చెయ్యి కడుక్కోడానికి లేచిపోయేది.

నాన్న పోయాక పడవ ఎవరిదన్నాం.
నేను కాయితం అడిగాను,
తను తాళంచెవి చూపించింది.
తొమ్మిదేళ్ళు.
ఎవరు ఎవరికి దారివ్వాలో
ఇద్దరికీ కంఠతా వచ్చు.

కిటికీ చట్రం అంచున ఆ తెరచాపని గురిపెట్టాను.
ఒక నిమిషం. రెండు.
చట్రం మీద అదే చోట ఉంది, పెద్దదవుతూ.
దిక్కు మారకుండా దగ్గరయ్యేది
తగిలి తీరుతుంది,
మొదటి ఏడాది కుర్రాడికి కూడా చెప్పే పాఠం.
ఆపొచ్చుగా అంటారు ఒడ్డున నించున్నవాళ్ళు.
ఇంజను వెనక్కి తిప్పినా
రెండు మూడు కిలోమీటర్లు పోతే గానీ
ఈ ఇనుముకి మాట వినపడదు.
పక్కకి తిప్పితే బురద గట్టు.
ఆమె దగ్గర రేడియో లేదు. నాన్న పెట్టనివ్వలేదు.

కూత వేశాను. అయిదు, చిన్నవి.
చాలామంది తిట్టనుకుంటారు.
కాదు. నావికుల భాషలో దాని అర్థం
'నీ మనసులో ఏముందో నాకు తెలియడం లేదు.'
ఆ మాట ఆమెతో అనడం
ఇదే మొదలు.

పేర్చిన పెట్టెలు దాచేసే నీరు కొంత ఉంటుంది
ఓడ ముక్కు ముందర.
చింతపండు రంగు ముక్క ఆ అంచుకి దిగి,
దిగి,
లేదు.

బొంటిలావో కప్పు కింద పెట్టాడు.
ఎవరూ ఎవరినీ చూడలేదు.
మేటు కుడి రెక్క చివరికి పరిగెత్తాడు.
నేను లెక్కపెడుతున్నాను, ఏ భాషలోనో తెలీదు,
ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు,
బల్ల మీద ముల్లు,
ముప్ఫై

"ఉంది! ఎర్ర బోయా అవతల!"

తిప్పేసుకుంది. గాలికి ఎదురు నిలిపి,
తెరచాప తపతపా కొట్టుకుంటోంది.
మా అల ఇమ్మెను ఎత్తి
తెచ్చి బురదలో కూలేసింది.
వీబ్కె లేచి నించుని చెయ్యెత్తింది.
పలకరింపో శాపమో
అంత ఎత్తు నుంచి పోల్చుకోలేం.

"తెలిసినవాళ్ళా?" అన్నాడు బొంటిలావో.
"మూడు వందల పది" అన్నాను,
చుక్కాని కుర్రాడితో.

బ్రున్స్‌బ్యూటెల్‌లో ఇంకో పైలట్‌కి ఏరు అప్పజెప్పి,
తాళ్ళ నిచ్చెన దిగి,
జేబులోంచి పోటుపాట్ల పుస్తకం తీశాను.
నీళ్ళు తిరిగొచ్చేది రాత్రి ఎనిమిదిన్నర దాటాక.
అప్పటిదాకా ఆమె
ఎటూ తప్పుకోలేదు.

కారు తాళాలు వెతుక్కున్నాను.