అరవై రెండు నుంచి డెబ్బై దాకా

అరవై దాకా బండి బుద్ధిమంతురాలు.
అరవై రెండు తగిలిందా, స్టీరింగుకు చలిజ్వరం.
డెబ్బై దాటితే మళ్లీ ఏమీ ఎరగనట్టు.

బంగారుపాళెం ఏకాంబరం దగ్గర కొన్నాను
లక్షా తొంభైకి,
డోరు మీద ఆయన కూతురి పేరు చెరపకుండానే.
నాలుగు చక్రాలకీ సీసం బిళ్లలు కొట్టించాను.
ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించాను.
జ్వరం అదే అంకె దగ్గర కాచుక్కూర్చుంది.

చెంగల్రాయులు బానెట్టు ఎత్తనే లేదు.
"నువ్వు తోలు" అని
వెనక తొట్టిలో బోర్లా పడుకున్నాడు,
రేకుకి చెవి ఆనించి,
చంటిబిడ్డ కడుపు విన్నట్టు.

పూతలపట్టు రోడ్డు. అరవై రెండు.
క్యాబిన్ మీద వేలి కణుపుతో ఒక్క దెబ్బ.
"న్యూట్రల్ చెయ్!"
ఇంజను ఊరుకుంది. వణుకు ఊరుకోలేదు.
"ఇంజను పాపమేం లేదబ్బా..."
మిగతా మాట గాలికి పోయింది.

షెడ్డులో, బండి కింద,
షాఫ్టు మీది గ్రీజు మసిగుడ్డతో తుడిస్తే
రెండు ఉలిగాట్లు.
ఎదురెదురుగా ఉండాల్సినవి
పెడమొహాలు పెట్టుకున్నాయి.
ఎవరో విప్పారు, ఎప్పుడో.
బిగించేటప్పుడు ఒక్క పన్ను తప్పారు.

ఏకాంబరానికి ఫోన్ చేశాను, కోపంగానే.
"వణుకా? నాకు తెలీదు సామీ.
నేనెప్పుడూ యాభై దాటింది లేదు.
వెనక టన్నున్నర మామిడికాయ, పక్కన పాప."
కాసేపాగి అడిగాడు:
"డోరు మీద పేరుండాదా ఇంకా?"

ఉందన్నాను.

రాయులు నాలుగొందలు తీసుకున్నాడు, టీ కూడా నా లెక్కలోనే.
తిరుగుదారిలో అరవై రెండు దగ్గర
చేతులు వాటంతటవే బిగుసుకున్నాయి.
ఏమీ రాలేదు.