తొలిపొరుగు

కొనగానే కొలతలు తీసుకున్నాను.
తూర్పుకి ముఖం, పడమటికి వీపు.
సముద్రపు వాన కొట్టేది అటునుంచే,
ఆ గోడకి ఒక్క కిటికీ లేదు; రాయి, సున్నం, అంతే.
ముందువైపు మాత్రం నిలువునా ఓక్ దూలాలు,
ఎండిన నెత్తురు రంగులో.
ఒకప్పుడు ఎద్దు నెత్తురే పూసేవారట.
నేను బయోన్ వెళ్ళి రెండు డబ్బాలు తెచ్చాను.

ఏ తరంలోనో గొర్రెలు పెరిగి
ఉత్తరాన ఇంకో వరస కలుపుకున్నారు.
వెన్నుదూలం నడిమధ్యన లేదిప్పుడు,
చంకన బిడ్డున్న మనిషి నడుములా
ఇల్లు ఒక పక్కకి ఒరిగింది.
కాగితం మీద దాన్ని సరిచెయ్యాలని చెయ్యి లాగింది.

గుమ్మం పైరాతి మీద
మారియా సొర్హూ, జొవానెస్, 1662.
ముందు ఆమె పేరు. అతను ఇల్లరికం వచ్చినవాడు.
ఇక్కడ ఆడైనా మగైనా పెద్దబిడ్డదే ఇల్లు.
చోటు చాలక అతని చివరి అక్షరం
కింది వరసలోకి జారిపోయింది.

ఇల్లు పేరు ఇతురాల్దే. ఊట పక్కది అని.
ఊట ఎండిపోయింది, పేరు ఎండలేదు.
ఈ పల్లెలో ఇంటిపేరంటే ఇంటి పేరే.
లెయోన్స్ బుర్దియే అని పోస్టుమాన్ నన్ను ఒక్కసారే పిలిచాడు,
కవరు మీద చదివి.
మర్నాటి నుంచి నేనూ ఇతురాల్దేనే.
నవ్వుకునేవాణ్ణి.

ఫిబ్రవరి. ఇంకా చీకటుండగానే తలుపు చప్పుడు.
కింది ఇంటి గషూషా. బురద జోళ్ళు, తలకి గుడ్డ.
"గానిష్ పోయాడు" అంది. లోపలికి రాలేదు.
"చర్చి దారిలో మా తర్వాతి గడప నీదే. తొలిపొరుగువి.
వెళ్ళి తేనెటీగలకి చెప్పు.
మైనం ఎక్కువ కావాలని చెప్పు, ఆయనకి వెలుతురుండాలి."

నేనిక్కడివాణ్ణి కాననీ,
వచ్చి పద్దెనిమిది నెలలేననీ,
గానిష్ నాతో మాట్లాడిందల్లా
ఒక పగిలిన పెంకు గురించేననీ
అనబోయాను.
ఆమె నావైపు చూడటంలేదు.
నా తల మీదుగా ఆ రాతిని చూస్తోంది,
అక్కడెవరో సరేనన్నట్టు.

వెళ్ళాను. గోడవారగా ఆరు గూళ్ళు, మంచు పట్టి.
వేళ్ళ కణుపులతో తట్టాను.
ఏ భాషలో చెప్పాలో తెలీక
రెండింట్లోనూ చెప్పాను, ఒకటి తప్పులతో.
లోపలి రొద కాస్త ఆగి, మళ్ళీ మొదలైంది.

మధ్యాహ్నం పటకారు తీసుకుని
మొన్న నేను బిగించిన కంచె తీగని నేనే తెంపాను.
దాని అడుగునుంచే పోతుంది శవం దారి.
గడ్డి కింద గట్టిగా,
నలుగురు పక్కపక్కన పట్టేంత వెడల్పుగా ఉంది.