గొంతుక్కూర్చుని

ఆషాఢంలో కారు అద్దం మీద మంచు గీకే ఊరు ఇది.
బల్లారట్. ఏడింటికింకా చీకటి.
గడువు తీరిన బ్యాంకు కార్డుతో గీకుతాను,
కొంచెం గీకి, కొంచెం ఆగి.
ఎదురింటి గ్రెగ్ చూస్తాడు, ఏమీ అనడు.
ఒక్కోరోజు తనే వచ్చి మిగతా సగం గీకి పోతాడు.

నా పేరు వకుళ.
మూడేళ్ళవాళ్ళ నోట్లో అది కొవాలా అయింది.
మిస్ కొవాలా, నా బూటు.
మిస్ కొవాలా, వాడు కొరికాడు.
తొమ్మిదేళ్ళుగా ఈ చైల్డ్‌కేర్‌నే కరుచుకుని ఉన్నాను,
ఆ పేరు తప్పేం కాదు.

ఈవేళ ఇరవైమందిలో పదకొండుమందే వచ్చారు.
తలుపు మీద కాగితం: ఆర్‌ఎస్‌వి తిరుగుతోంది,
జలుబున్న పిల్లల్ని ఇంట్లోనే ఉంచండి.
ఆ కాగితం కిందనుంచే వచ్చాడు ఓటిస్,
ముక్కునుంచి రెండు పచ్చటి దారాలు వేలాడేసుకుని.
వాళ్ళమ్మకి గోడౌన్‌లో షిఫ్టు. రోజు మానేస్తే రోజు కూలి పోతుంది.
ఆవిడ నా కళ్ళలోకి చూడలేదు.
నేనూ చూడలేదు.

పడిశం పదిరోగాల పెట్టు అనేది మా నాయనమ్మ.
మొరీన్‌కది మూడురోజుల సెలవు, నిమ్మకాయ, తేనె.
నాకు కిందటేడు అదే పడిశం
పందొమ్మిది రాత్రుళ్ళు, ముక్కులో గొట్టం,
వాచిన ఊపిరితిత్తులు తలుపు మూసేస్తే
ఇవతలినుంచి తోసీ తోసీ అలిసిన కుడిగది.
రాత్రి డ్యూటీ కుర్రడాక్టరు అడిగాడు,
గుండెజబ్బు ఎప్పట్నుంచి?
పుట్టుకతో.
అతను తెరమీద ఆ గడి కోసం వెతికాడు.
పిల్లల జాబితాలో ఉంది. పెద్దల జాబితాలో లేదు.
ఆ జబ్బుతో పుట్టినవాళ్ళు పెద్దవుతారని
జాబితా రాసినాయనకి తోచలేదు కాబోలు.

ఆపరేషనుకి ముందు, బాగా చిన్నప్పుడు,
నాలుగడుగులు నడిచి గొంతుక్కూర్చునేదాన్ని.
ఎవరూ నేర్పలేదు. ఒళ్ళే కనిపెట్టింది,
అలా ముడుచుకుంటే నీలం తగ్గుతుందని.
అమ్మ నా గోళ్ళు చూసి ఆ రోజెలా ఉంటుందో చెప్పేది,
మబ్బు చూసి వాన చెప్పినట్టు.
పదిహేను దాటదన్నారు. కుట్లు వేశాక ముప్ఫై అన్నారు.
ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

నిన్న మందులషాపులో లిన్‌ని అడిగాను,
దీనికి సూది వచ్చిందటగా.
నా పుట్టినతేదీ కొట్టి చూసింది.
సారీ, ఉచితంగా అయితే మీకింకా వయసు చాలదు.
నాకు నలభై రెండు.
నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది.
దగ్గితే వెనకున్నవాళ్ళు ఒకడుగు వెనక్కి వేశారు.
ఇంటికొచ్చి పళ్ళు తోముకుంటూ మళ్ళీ అనుకున్నాను,
వయసు చాలదు, వయసు చాలదు.
ఎవరో బుగ్గ గిల్లినట్టుంది.
డబ్బు కడితే ఇస్తారట. జీతం శుక్రవారం.
ఈవేళ మంగళవారం.

ఓటిస్ తుమ్మాడు, సరిగ్గా నా మాస్కు మీద.
చిరంజీవ అన్నాను, అలవాటు కొద్దీ.
ఎవరికన్నానో నాకే తెలీలేదు.
ఊపిరి బిగబట్టి వాడి ముక్కు తుడిచి,
ఏడుదాకా లెక్కపెట్టి,
కిటికీవైపు తిరిగి వదిలాను.
ఆ కిటికీ నేనే తెరిచి ఉంచుతాను.
మొరీన్ కోటు వేసుకుని కథ చదువుతుంది,
విసుక్కుంటుంది, మూయదు.

మధ్యాహ్నం పెరట్లో వాడి బూటు లేసు ఊడింది.
గొంతుక్కూర్చుని కట్టాను.
కట్టాక లేవలేదు.
మోకాళ్ళు ఛాతీకి ఆనించి అలాగే ఉన్నాను,
లేసుకి కావలసినదానికన్నా కాస్త ఎక్కువసేపు.
ఆటనుకున్నాడు. వాడూ కూర్చున్నాడు.
వాడి పక్కన ఇంకొకతె, దాని పక్కన మరొకడు,
తడిగడ్డిలో పదకొండుమందీ గొంతుక్కూర్చుని
తర్వాతేంటి మిస్ కొవాలా అని
నా మొహంలోకి చూస్తున్నారు.

గ్లవ్సు తీసి ఒకసారి గోళ్ళు చూసుకున్నాను.
ఉండండి, అన్నాను.
కాసేపు ఇలాగే.