తరుగు

బాదేపల్లి గంజ్‌ల కాంటాలు లేశినంక
కింద రాలిన పల్లికాయ మన్నెమ్మది.
ముప్పై ఏండ్ల సంది
ఎవరూ రాసియ్యని పట్టా అది.
చీపురు ఆమెది, జల్లెడ ఆమెది,
దుమ్ము మార్కెటుది, దగ్గు మళ్ళ ఆమెదే.

ఆమె రైకకు మైకు తగిలించింది నేను.
పట్నం కంపెనీకి ఒక మనిషి బతుకు మొత్తం కావాల్నట,
లేశిన కాడినుంచి పండేదాకా,
పాలమూరు యాసల, కల్తీ లేకుండ.
గంటకు ఇంతని నాకు,
దాంట్ల సగం ఆమెకు.

నలభై మూడు దినాలు.
అడ్తిదారును తిట్టిన తిట్లు, ఆటోకాడ బేరం,
అల్లునికి శాపనార్థాలు, ఎంబడే
"నా నోట్ల మన్ను వడ" అని చెంపలేసుకున్న చప్పుడు,
రాత్రి మోకాళ్ళకు నూనె రాసుకుంట ఎవనితోనో పంచాది.
వాడు బతికి లేడని నాకు పదో దినం తెల్సింది.

లెక్క వచ్చింది.
ఆరు వందల గంటలు పంపితే
డెబ్బై నాలుగింటికే పైసలు.
మాట లేని జాగంతా మిషినే కోసేసిందట.
ఎట్ల చెప్పాల్నో తెల్వక నేను నసుగుతుంటే
ఆమెనే అడిగింది:
"తరుగు తీసిన్రా?
నూటికి ఎంత?"

ఎనభై ఎనిమిది, అన్న.
"అబ్బో, గంజ్ దొంగలే నయం" అని
పండ్లు లేని దిక్కు నుంచి నవ్వింది.
నవ్వి, చీర కుచ్చెళ్ళు దులుపుకొని,
"మరి ఊడ్చింది యాడ వోశిన్రు?"

నా కాడనే ఉంది, పాత హార్డ్ డిస్కుల.
చేతుల పెడితే తూకం చూసింది.
నిండినా, ఒట్టిగున్నా ఇది ఒక్కటే బరువంటే
నమ్మలే.

గోనెసంచుల మీద కూసున్నం.
వైరు ఒక కొస ఆమె చెవికి, ఒక కొస నా చెవికి.
ఏం లేదు. నాకైతే ఏం లేదు.
ఊపిరి.
యాడనో లారీ ఎనకకొస్తున్న కూత.
చీపురు. మళ్ళ చీపురు.
ముందుకు జరపబోతే నా చెయ్యి పట్టుకున్నది.

ఆ ఫైలుకు పేరు లేకుండె, తారీఖు లేకుండె.
కండ్లు మూసుకొని శానాసేపు విన్నది.

"గిది పల్లి గాదు బిడ్డా, కందులు.
వానకు తడిసి మెత్తవడ్డ కందులు.
బేస్తారం.
గా దినం నేను సద్ది తేలే."