చివరి అంకె

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ కౌంటరు వెనకే నిలబడ్డాను,
బియావోవియేజా అడవి అంచున, ఒకే ఒక్క మందుల కొట్టులో.
తలరాతలు నాకు తెలియవు.
డాక్టర్ జరెంబా చేతిరాత మాత్రం
ఊరు మొత్తానికి నేనొక్కదాన్నే చదివేదాన్ని.
వాళ్ళావిడ సరుకుల చీటీ కూడా నాకే పంపేది,
"ఇది ఉల్లిపాయా, ఉప్పా, కాస్త చూసి పెట్టండి" అని.

ఆయన 'ఎం' అంటే అడవిదున్న కొమ్ములు.
'ఆర్' కింద గీత,
పోట్లాడి విసురుగా వెళ్ళిపోతున్న మనిషి కాలు.
మోతాదు దగ్గరికొచ్చేసరికి మాత్రం
ఎంత తొందరలో ఉన్నా ఆగేవాడు.
అంకెలు నిటారుగా,
ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బడిపిల్లల్లా.

ఒక్కసారి పొరబడ్డాను. దాచను.
ఆయన సెలవులో ఉన్న వారం
బదులొచ్చిన కుర్ర డాక్టరు
దశాంశ బిందువే పెట్టాడో, కాగితం మీద ఈగే వాలిందో.
మూడేళ్ళ పాప రెండు రోజులు నిద్రపోయింది.
లేచింది. ఇప్పుడు తనకే ఇద్దరు పిల్లలు,
దగ్గుమందుకు నా దగ్గరికే వస్తుంది, నవ్వుతుంది.
ఆ చుక్క మాత్రం
దీపం ఆర్పాక పైకప్పు మీద కనిపిస్తుంది నాకు.

అందుకే కంప్యూటర్లు వచ్చినప్పుడు
నేనేమీ శోకాలు పెట్టలేదు.
నాలుగంకెల కోడు. కీచుమని ఒక చప్పుడు.
మందు పేరు అచ్చులో, పొల్లు పోకుండా.
గెనోవెఫా అవ్వ ఒక్క కాగితం కోసం
మంచులో పదకొండు కిలోమీటర్లు నడిచి
మళ్ళీ మందు కోసం నడవక్కర్లేదు.
మనవడు ఫోనులో చెప్పిన నంబరు
అరచేతిలో రాసుకుని ఒకేసారి వస్తుంది,
ఉన్ని తొడుగు లాగి, చెయ్యి చాపుతుంది
జోస్యం అడుగుతున్నట్టు.

అంతకు ముందు ఏడాది సంగతి వేరు.
ఆ ఏడాది జరెంబా అక్షరాలు చిన్నవవుతూ వచ్చాయి.
మొదట నవ్వుకున్నాను, పిసినారితనమని.
ఈస్టరు నాటికి పంక్తి మొదట్లో బఠాణీలు,
చివరికొచ్చేసరికి ఆవగింజలు.
అడవిదున్న కొమ్ములు గడ్డిపరకలయ్యాయి.
ఒక రాత్రి షట్టరు దించి
తొమ్మిది నెలల చీటీలు నేలమీద వరసగా పరిచి
మోకాళ్ళ మీద కూచుని చదివాను,
మందుల పేర్లు కాదు.

మర్నాడు క్లినిక్కుకి వెళ్ళాను.
ఏం చెప్పాలో తెలీక
"నా కళ్ళజోడు మార్చాలేమో డాక్టరుగారూ" అన్నాను.
ఆయన తన కుడిచేతిని కాసేపు
ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువులా చూశాడు.
"నీ కళ్ళజోడు బాగానే ఉంది, హల్ష్కా."

రెండు వారాలకి వేరే రాతలో ఒక చీటీ వచ్చింది.
రోగి పేరు దగ్గర ఆయన పేరు.
గుండ్రటి, ముత్యాల్లాంటి రాత.
చదవడానికి ఏ కష్టమూ లేదు.
అదే నాకు మింగుడు పడలేదు.

తెర మీద అక్షరాలన్నీ ఒకే ఎత్తు.
రాత్రంతా నిద్రలేని డాక్టరుదైనా,
అప్పుడే ఏడ్చి ముఖం కడుక్కున్న డాక్టరుదైనా.
బిందువు బిందువులాగే ఉంటుంది.
దానికి దండం పెడతాను, నిజంగానే.

ఇవాళ ఆయన వచ్చాడు, వరసలో నిలబడి,
తన వంతు వచ్చాక ఫోను చాపాడు.
ఏడు. సున్నా. మూడు.
నాలుగోది ఆగదే!
తెర వణుకుతోంది, అంకె దానితో పాటు పారిపోతోంది.
"నోటితో చెప్పండి" అనొచ్చు.
కౌంటరు మీంచి చెయ్యి చాపి మణికట్టు పట్టుకున్నాను.

ఒకటి.

ఎడంచేత్తో కొట్టాను కోడు. మందు పేరు వచ్చింది.
డబ్బా ఎక్కడుందో చూడక్కర్లేకుండా తెలుసు,
వెనక రెండో అర.
కుడిచెయ్యి ఇంకా అక్కడే ఉంది.
వరసలో ఎవరో దగ్గారు.
వస్తున్నానండీ. ఒక్క నిమిషం.